అయ్య గొంతు దక్కించిన మాస్టారికి

మా అయ్య పాడిన జముకుల కథ (జముకు అనే వాయిద్యంతో తెల్లవార్లూ పాడి చెప్పే కథ) కేసెట్లు మళ్లీ వినగలుగుతున్నాం. ఎవరి చలవో పేరు పెట్టి రాద్దామంటే ఆయన ఒప్పుకోలేదు. "మాస్టారు అని రాసుకో, చాల్లే" అన్నారు. అందుకని విజయనగరంలో ఉంటున్న మాస్టారికి మా ఇంటిల్లిపాది తరఫున, బొబ్బిలి చుట్టుపక్కల అయ్యతో వంత పాడినవాళ్లందరి తరఫున వందనాలు.

ఆయనది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట వైపు. చిన్నప్పుడు జాతరల్లో మైకుసెట్టువాళ్ల వెనక తిరుగుతూ చెట్లకి హారన్లు కట్టేవారట. తర్వాత పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో సౌండ్ రికార్డింగ్ చదివి, మద్రాసు స్టూడియోల్లో రెండంగుళాల టేపు మీద 24 ట్రాకులు పట్టిన రోజుల నుంచి కంప్యూటర్లు వచ్చేదాకా పనిచేశారు. చేతినిండా పని ఉండగానే వదిలేసి యూనివర్సిటీలో పాఠాలు చెప్పడానికి వెళ్లిపోయారు. ఎందుకని అడిగాను. "స్టూడియోలో ఏ వాయిద్యం వచ్చినా పది నిమిషాల్లో మైకు పెట్టేయాలి. అది అలా ఎందుకు మోగుతుందో ఆలోచించే తీరిక ఎక్కడిది?" అన్నారు. ఆ తీరికతోనే బొబ్బిలి వీణ పట్టుకున్నారు. పనసదుంగని తొలిచే మందం మారితే నాదం ఎలా మారుతుందో కొలిచి, పిల్లలకి పాఠంగా చెప్పేవారు.

ఆయన మొదటి క్లాసులో వేసే ప్రశ్న నాకు భలే నచ్చింది. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. మైకు లేకుండానే వేలమందికి హరికథ వినిపించేవారని మనవైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎలా సాధ్యం? సాధన చేసిన గొంతులో 3,000 హెర్ట్జ్ (సెకనుకి 3,000 కంపనలు) దరిదాపుల్లో బలం పోగుపడుతుందట, మన చెవి కూడా అక్కడే చురుగ్గా వింటుందట. ఈ సంగతి ఎందుకు రాస్తున్నానంటే, మా కేసెట్ల దగ్గర పేచీ అక్కడే వచ్చింది.

"ఆ సుయ్యిమనే చప్పుడంతా తీసేయండి మాస్టారూ" అని మేం పట్టుబట్టాం. ఆయన తీసి వినిపించారు. చప్పుడు పోయింది, అయ్య గొంతు కంబళి కప్పుకుని పాడినట్టయింది. ఆ చప్పుడూ, గొంతులోని పదునూ ఒకే చోట ఉన్నాయి మరి. "ఇది నేను చెయ్యను" అనేశారు. మేం అడిగింది చెయ్యనందుకు కూడా ఆయనకి థాంక్స్ చెప్పుకోవాలి.

చేసింది మాత్రం చాలా ఉంది. బూజు పట్టిన రీళ్లని పాత పెంకుల్లోంచి విప్పి, తుడిచి, కొత్త పెంకుల్లో పెట్టారు. ఒక్కో కేసెట్టుకీ డెక్కులో టేపుని చదివే హెడ్ వాలు విడిగా సర్దుకున్నారు. జముకు మోగినప్పుడల్లా అయ్య గొంతు కుంగిపోయి మళ్లీ మెల్లగా పైకి లేచేది. అది టేపురికార్డరు తనంతట తానే లెవెలు తగ్గించుకోవడం వల్ల వచ్చిన తంటా అట. చరణం చరణానికీ చేత్తో ఎత్తి సరిచేశారు.

అన్నిటికంటే వింత శృతి సంగతి. తెల్లారేసరికి అయ్య శృతి పెంచి పాడేవాడని మా ఇంట్లో గొప్పగా చెప్పుకుంటాం. మాస్టారు మైకుసెట్టు హమ్ము, అంటే కరెంటు వల్ల వచ్చే గుయ్యిమనే మోత, పట్టుకుని చూశారు. కథ మొదట్లో 100 హెర్ట్జ్ దగ్గరున్న హమ్ము తెల్లారుజాము భాగంలో 106 దాకా ఎక్కింది. మైకుసెట్టు కరెంటు మీద నడిచింది కాబట్టి దాని హమ్ము అంతగా మారదు, టేపురికార్డరేమో బ్యాటరీల మీద నడిచింది. బ్యాటరీలు నీరసించి టేపు నెమ్మదిగా తిరిగితే, తర్వాత మామూలు వేగంతో వేసినప్పుడు పాట పైకి ఎక్కుతుంది. ఇంచుమించు అరస్వరం. ఆ హమ్మునే ఆధారం చేసుకుని వేగం సరిచేశారు. మా పెదనాన్న మాత్రం "బేటరీ లేదు, గీటరీ లేదు, మావోడు పెంచే పాడినాడు" అంటున్నాడు. ఇద్దరితోనూ వాదించడం నా వల్ల కాదు.

ఏమీ మార్చని డిజిటల్ కాపీ ఒకటి, మంచి నాణ్యతతో (24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో), వినడానికి సరిచేసిన కాపీ ఇంకొకటి ఇచ్చారు. డబ్బు ముట్టుకోలేదు. భీమాలి మామిడి తాండ్ర తీసుకెళ్తే మాత్రం కాదనలేదు. డెక్కు వెతికిపెట్టిన మా బావకీ, మాస్టారి ఇంట్లో మేం ఎప్పుడెళ్లినా విసుక్కోకుండా టీ ఇచ్చిన అమ్మగారికీ కృతజ్ఞతలు.

మీ ఇళ్లలో ఇలాంటి కేసెట్లు ఉంటే, బూజు కనబడితే టేపురికార్డరులో పెట్టకండి, ముందుకీ వెనక్కీ తిప్పకండి. అతుక్కున్న చోట తెగుతుందని మాస్టారు మరీమరీ చెప్పారు. నిలబెట్టి, ఆరిన చోట దాచండి.

ఇంకో సాయం కావాలి. బొబ్బిలి కథ ఉన్న కేసెట్టు రెండో వైపు అయ్యకి వంతగా ఒక ఆడమనిషి పాడింది. మా ఇంట్లో ఎవరూ పోల్చలేకపోయారు. ఆ ముక్క కింద పెడుతున్నాను, గుర్తుపట్టినవాళ్లు ఊరూ పేరూ చెప్పండి. ఆవిడకో, ఆవిడ పిల్లలకో ఒక కాపీ అందజేస్తాం.