పాత సైనికుల సర్వీసు కాగితాలు చెరిగిపోకముందే: రక్షణ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రక్షణ శాఖ మంత్రి గారికి,

నమస్కారములు. మా కుటుంబంలో మూడు తరాలవారు సైన్యంలో పనిచేశారు. నాన్నగారి డిశ్చార్జి పుస్తకం, పింఛను ఉత్తర్వు ఇంట్లో భద్రంగా ఉన్నాయి కనుక ఆయన నంబరు, ట్రేడు, పనిచేసిన యూనిట్లు తెలుసుకోవడం కష్టం కాలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపొటేమియాలో మరణించిన ముత్తాతగారి వివరాలు కూడా కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలో నంబరు, తండ్రి పేరు, ఊరితో సహా దొరికాయి. జాడ లేనిది రెండో యుద్ధంలో చేరి, క్షేమంగా తిరిగివచ్చిన తాతగారిదే.

ఆయన పింఛను లేకుండా విడుదలైనవారు. నంబరు, రెజిమెంటు తెలిపితే తప్ప వెదకలేమని సంబంధిత కార్యాలయం జవాబిచ్చింది. ఆ రెండూ తెలుసుకోవడానికే కదా మేము రాసింది! ఆ యుద్ధంలో భారత సైన్యం 25 లక్షలు దాటింది కనుక ఈ చిక్కు మా ఒక్క ఇంటిది కాదు. పింఛను లేనివారి సర్వీసు కాగితాలను 25 ఏళ్లు ఉంచి, ఆపైన సైనిక నిబంధనల ప్రకారం ధ్వంసం చేస్తారు. మిగిలేది లాంగ్ రోల్‌లో, అంటే సైనికుల పేర్లను శాశ్వతంగా ఉంచే రిజిస్టరులో, ఒక పద్దు మాత్రమే. అది కూడా నంబరు చెబితేనే తెరుచుకుంటుంది. పతకం ఉన్న ఇళ్లవారు దాని మీద నంబరు చెక్కి ఉంటే చూసి చెప్పగలరు. పతకాన్ని ఏనాడో అమ్ముకున్నవారు ఏం చెప్పగలరు?

వెనక్కి వెళ్లేకొద్దీ పాత పేర్లే అడ్డు వస్తాయి. మద్రాసు పయనీర్లు అనే సైనిక దళం 1933లోనే రద్దయింది. 1925కు ముందు రెండు దశాబ్దాల్లో సైన్యంలో చేరిన ఏలూరు మనిషి కాగితాల మీద పశ్చిమ గోదావరి అని ఉండదు, కృష్ణా జిల్లా అని ఉంటుంది. ఇక మన ఇంటిపేర్లను గుమాస్తాలు ఎన్ని విధాలుగా రాశారో చెప్పనక్కరలేదు.

లాహోరు మ్యూజియంలో ఉన్న పంజాబు రిజిస్టర్లలో మొదటి యుద్ధపు సైనికులు సుమారు 3,20,000 మంది వివరాలు ఊళ్లవారీగా ఉన్నాయి. వాటిని 2021 నుంచి కంప్యూటరులో వెదికే వీలు కల్పిస్తున్నారు. బ్రిటన్ రక్షణ శాఖ 2022 నుంచి 97 లక్షల సర్వీసు దస్త్రాలను తమ జాతీయ ఆర్కైవ్స్‌కు బదిలీ చేస్తోంది. 2021లో మీ శాఖ తెచ్చిన విధానం యుద్ధ డైరీలు, ఆపరేషన్ల రికార్డులకు దారి చూపింది, సంతోషమే. కానీ ఆ యుద్ధాలు చేసిన సిపాయి కాగితాలకు కూడా అంత శ్రద్ధ దక్కాలి. వ్యక్తిగత సమాచారమన్న అభ్యంతరం ఇక్కడ నిలవదు. 20 ఏళ్లు దాటిన విషయాలకు ఆ మినహాయింపు వర్తించదని సమాచార హక్కు చట్టంలోని 8(3) సెక్షను చెబుతూనే ఉంది.

కాబట్టి పింఛను లేని సైనికుల కాగితాల ధ్వంసాన్ని వెంటనే నిలిపివేయించాలని, లాంగ్ రోల్‌లన్నిటినీ స్కాన్ చేయించి 1993 పబ్లిక్ రికార్డుల చట్టం కింద జాతీయ ఆర్కైవ్స్‌కు నకళ్లు పంపించాలని కోరుతున్నాను. వెదుకులాట నంబరుతో కాక పేరు, తండ్రి పేరు, ఊరు, పాత తాలూకాలతో సాగేలా ఏర్పాటు చేయించండి. స్కానింగ్ ఆలస్యమైనా ఫరవాలేదు, ధ్వంసాన్ని ఆపే ఉత్తర్వు మాత్రం ముందుగా వెలువడాలి.

భవదీయుడు,
ఒక మాజీ సైనికుడి కుమారుడు