పులుల లెక్కతో పాటు మనుషుల లెక్క కూడా చెప్పండి: నేపాల్ అటవీ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన నేపాల్ అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి నమస్కారం.

2022 జులై 29న మీ ప్రభుత్వం పులుల లెక్క ప్రకటించినప్పుడు, నల్లమల అంచున పెరిగిన నాకు చాలా సంతోషమేసింది. 2009లో 121 ఉన్న పులులు 355 అయ్యాయి. పులులున్న 13 దేశాలు 2010లో వాటిని రెట్టింపు చేస్తామని మాటిస్తే, మీరు దాదాపు మూడింతలు చేసి చూపించారు.

కానీ అదే ఏడాది జూన్ 6న బర్దియా జిల్లాలో జనం రోడ్డెక్కారు. అడవి జంతువుల దాడుల నుంచి మమ్మల్ని కాపాడండి అన్నదే వాళ్ల డిమాండ్. పోలీసులు కాల్పులు జరిపితే ఓ అమ్మాయి చనిపోయింది. రెండు నెలలైనా గడవకముందే పులుల పండగ. ఈ రెండు వార్తలనూ కలిపి చదవమని అడగడానికే ఈ లేఖ.

మీ అడవులు ఎలా తిరిగొచ్చాయో మీకు నేను చెప్పక్కర్లేదు. 1957లో ప్రైవేటు అడవులన్నిటినీ జాతీయం చేస్తే, అడవి మనది కాదనుకున్న జనం దాన్ని పట్టించుకోవడం మానేశారు. 1993 చట్టంతో ఊళ్లకే అడవిని అప్పగించాక కథ మారింది. ఇవాళ 22 వేలకు పైగా సామాజిక అటవీ సమూహాలున్నాయి. ఎప్పుడు గడ్డి కోయాలో, ఏ కట్టె కొట్టాలో, ఎవరు కాపలా కాయాలో అవే తేల్చుకుంటాయి. దేశంలో 45 శాతం దాకా అడవి ఉందంటే అందులో వాళ్ల చెమట ఉంది. మా దగ్గర కూడా వన సంరక్షణ సమితులు పెట్టారు గానీ, పెత్తనం మాత్రం అటవీ శాఖ వదులుకోలేదు. అందుకే మీరు చేసింది ఎంత పెద్ద పనో మాకు తెలుసు.

ఇప్పుడు ఆ ఊళ్లే దెబ్బ తింటున్నాయి. పులి బారిన పడేది ఎక్కువగా పశువుల మేతకో వంటచెరకుకో అడవికి వెళ్లినవాళ్లే. చిత్వన్, బర్దియా జాతీయ పార్కుల చుట్టూ ఉండే థారూ గిరిజనుల్లాంటి పేదలకు ఆ పని మానుకునే వీల్లేదు. పైన కొండల్లో పిల్లలు గల్ఫ్‌కి పోయి ఊళ్లు ఖాళీ అవుతుంటే, మిగిలిన ముసలివాళ్లు కోతులతో వేగలేక పొలాలు బీడు పెడుతున్నారు. కోతుల బాధ మా తెలంగాణ రైతులకూ కొత్త కాదు.

దేశానికి 150 పులులు చాలు, మిగతావి వేరే దేశాలకు బహుమతిగా ఇవ్వొచ్చని 2024లో అప్పటి ప్రధాని ఓలీ గారు అన్నారు. దయచేసి ఆ దారి పట్టకండి. ఒక పులిని తీసేస్తే ఆ జాగాలోకి ఇంకో పులి వస్తుంది. గడ్డికెళ్లిన ఆడమనిషికి ప్రమాదం అలాగే ఉంటుంది.

అడవి జంతువు దాడిలో మనిషి చనిపోతే 10 లక్షల నేపాలీ రూపాయల సాయం ఇస్తామన్నారు. కానీ శవాన్ని ఇంటికి తెచ్చుకున్నవాళ్లను పోలీసు రిపోర్టు, వార్డు సిఫారసు అంటూ ఆఫీసుల చుట్టూ తిప్పితే అది సాయం ఎలా అవుతుంది? ఆ కాగితాలన్నీ అధికారులే ఇంటికొచ్చి పూర్తి చేయాలి. పార్కుల ఆదాయంలో 30 నుంచి 50 శాతం చుట్టుపక్కల ఊళ్లకు ఖర్చు పెట్టాలని మీ చట్టమే చెబుతోంది. ఆ డబ్బు ముందు అడవిని ఆనుకున్న చివరి ఇళ్లకు చేరాలి: కట్టెలకు అడవికి వెళ్లే పని లేకుండా వంటకు బయోగ్యాస్, గట్టి పశువుల కొట్టం, పొలం చుట్టూ కంచె. ఆ తర్వాతే రోడ్లు, భవనాలు.

ఈసారి పులుల లెక్క ప్రకటించేటప్పుడు అదే వేదిక మీద ఇంకో లెక్క కూడా చదవండి. గత లెక్క తర్వాత ఇప్పటిదాకా అడవి జంతువుల దాడుల్లో ఎంతమంది చనిపోయారు, ఎన్ని కుటుంబాలకు డబ్బు అందింది, ఎన్ని రోజుల్లో అందింది.

ఇట్లు,
నల్లమల పక్క ఊరి నుంచి ఒక తెలుగు పౌరుడు