జనవరి నుంచి మార్చి దాకా మేం లాగిన లాన్ వైరు మొత్తం మార్చేస్తున్నాం

మా దగ్గర ఇంటికి లాన్ వైరింగ్, అంటే రూటర్ నుంచి టీవీ, కంప్యూటర్ల దాకా నెట్ వైరు, వేయించుకున్న అందరికీ నమస్కారం.

ఈ ఏడాది జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో 27 ఇళ్లలో మేం వేసిన క్యాట్ 6 కేబుల్ అసలు రాగిది కాదు. పైన రాగి పూత, లోపలంతా అల్యూమినియం. రాగి అని చెప్పాం, రాగి రేటే తీసుకున్నాం. తప్పు మాదే. ఆ వైరంతా మా ఖర్చుతో తీసి కొత్తది వేస్తాం.

మూడిళ్ల నుంచి ఒకే కంప్లైంటు రావడంతో సంగతి బయటపడింది. నెట్‌ఫ్లిక్స్ శుభ్రంగా వస్తోంది, ఇంట్లో హార్డ్‌డిస్క్ సర్వర్‌లో పెట్టుకున్న 4కే సినిమాలు మాత్రం ఆగి ఆగి వస్తున్నాయి. నెట్‌ఫ్లిక్స్ 4కేకి 15 మెగాబిట్ల స్పీడు చాలంటుంది. 4కే బ్లూరే డిస్కు నుంచి తీసిన ఫైలైతే కొన్ని సీన్లలో 100 దాటి పోతుంది, 128 దాకా వెళ్లొచ్చు. అవి ఆగుతున్నాయంటే వైరు మీద లింకు స్పీడు 1000 నుంచి 100కి పడిపోయింది. కేబుల్ లోపల ఎనిమిది తీగలు నాలుగు జతలుగా ఉంటాయి. 100కి ప్లగ్‌లో 1, 2, 3, 6 పిన్నుల మీదున్న రెండు జతలు సరిపోతాయి, 1000కి, అంటే గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. నీలం, బ్రౌన్ జతల్లో ఒక్క తీగ తెగినా నెట్‌ను పంచే స్విచ్ పెట్టె గిగాబిట్‌కి ప్రయత్నించి, కుదరక 100 దగ్గర ఆగిపోతుంది. ప్లగ్ కోసి చూస్తే బ్రౌన్ తీగ మెడ దగ్గర విరిగి ఉంది. చాకుతో గీరితే ఎర్ర పొర కింద తెల్లగా మెరిసింది.

ఆ వైరు వచ్చిన నాలుగు పెట్టెలూ మేం ఏళ్ల తరబడి సరుకు తెచ్చుకునే హోల్‌సేల్ షాపులోవే. పెట్టె మీద ప్యూర్ కాపర్ అని ఉంది, వైరు మీద 23 గేజ్ (తీగ మందం) అని అచ్చు ఉంది. ఆ ముద్రను నమ్మాం. 305 మీటర్ల రాగి పెట్టెకూ దీనికీ తీగల బరువులోనే దాదాపు మూడున్నర కిలోల తేడా ఉంటుంది. రోజూ పెట్టెలు ఎత్తే చేతులకు అది తెలియాల్సింది, తెలియలేదు. అందుకే ఈ విషయం గుర్తొచ్చినప్పుడల్లా మనసు చివుక్కుమంటోంది. షాపులో అడిగితే "అందరూ ఇదే పట్టుకెళ్తున్నారు, మీకొక్కరికే వచ్చిందా కంప్లైంటు" అన్నారు. అందరూ వాడినంత మాత్రాన అల్యూమినియం రాగి అయిపోదు. క్యాట్ 6 ప్రమాణం ప్రకారం లోపల తీగ రాగిదే కావాలి, పూత పూసింది పనికిరాదు. మిగిలిన ముక్కలు వాళ్ల కౌంటర్ మీదే పెట్టి వచ్చాం. ఇక ఆ గుమ్మం తొక్కం.

బాగా తర్జనభర్జన పడింది మిగతా 24 ఇళ్ల గురించే. అక్కడ ఎవరికీ ఇబ్బంది లేదు. చాలా స్మార్ట్ టీవీల లాన్ పోర్టే 100 మెగాబిట్లది కాబట్టి, రెండు జతలు బాగుంటే తేడా తెలియదు. అడిగినప్పుడు మారుద్దామా అని కూడా అనుకున్నాం. కానీ అల్యూమినియం పెళుసు, నాలుగుసార్లు వంగితే విరుగుతుంది, ప్లగ్ పిన్ను గుచ్చుకున్న చోట తుప్పు పొర కడుతుంది. రేపు అదే వైరు మీదుగానే కరెంటు తీసుకునే కెమెరా పెడితే, రాగికన్నా నిరోధం ఎక్కువ కాబట్టి వోల్టేజీ పడిపోతుంది, వైరు వేడెక్కుతుంది. గోడ లోపల అలాంటిది ఉంచి ఊరుకోలేం. 27 ఇళ్లలోనూ మారుస్తాం.

గోడలు పగలగొట్టం. పాత వైరు చివర నైలాన్ తాడు కట్టి మెల్లగా బయటికి లాగుతాం, ఆ తాడుతో కొత్తది ఎక్కిస్తాం. వంపులు ఎక్కువున్న పైపుల్లో ఇరుక్కోవచ్చు, అలాంటి చోట పూట పడుతుంది. కరెంటు వైర్లున్న పైపులో లాన్ వెయ్యం, ఎవరు అడిగినా సరే. ప్లగ్ దగ్గర జతల మెలిక 13 మిల్లీమీటర్లకు మించి విప్పం.

ఈలోగా మీరూ చూసుకోవచ్చు. టీవీ దగ్గరి వైరు గిగాబిట్ పోర్టున్న ల్యాప్‌టాప్‌కి పెట్టి, విండోస్‌లో ఈథర్నెట్ సెట్టింగుల్లో లింక్ స్పీడ్ చూడండి. రూటర్ పోర్టు కూడా గిగాబిట్‌దే అయ్యుండాలి. 1000/1000 ఉంటే నాలుగు జతలూ పనిచేస్తున్నట్టు, 100/100 ఉంటే వెంటనే చెప్పండి, ఆ ఇల్లే ముందు. టీవీలో స్పీడ్ టెస్ట్ చేస్తే 94 దగ్గర ఆగిందని కంగారు పడకండి, అది టీవీ పోర్టు హద్దు, వైరుది కాదు. పెద్ద ఫైళ్లు చూసేవాళ్లు గిగాబిట్ పోర్టున్న టీవీ బాక్సు కొనుక్కోవడం మేలు. యూఎస్‌బీ గిగాబిట్ అడాప్టర్ కొన్ని ఆండ్రాయిడ్ టీవీల్లో పనిచేస్తుంది, కొన్నింట్లో చెయ్యదు. యూఎస్‌బీ 2 పోర్టైతే 300 దాకా వస్తుంది, సినిమాకి అది చాలు.

ఇకమీదట పెట్టె తెరవగానే ఒక చివర నీలం జతలోని రెండు తీగలూ కలిపి, రెండో చివర మల్టీమీటర్‌తో నిరోధం కొలుస్తాం. 23 గేజ్ రాగి 305 మీటర్లకు 41 ఓమ్‌ల చుట్టుపక్కల చూపించాలి. 60 దాటితే ఆ పెట్టె వెనక్కే. పని మొదలెట్టే ముందు ఆ పెట్టెలోంచి జానెడు ముక్క కోసి మీ చేతికిస్తాం, చాకుతో మీరే గీరి చూడండి. లోపలా ఎర్రగా ఉంటేనే గోడలోకి ఎక్కించమనండి.