పెదనాన్నకు తగిలింది వడదెబ్బ కాదు

అనంతపురం,
ఆదివారం రాత్రి.

చిరంజీవి హరితకు,
నాన్న ఆశీస్సులు.

నిన్న ఫోనులో నువ్వు చెబుతుంటే నేను ఎక్కువ మాట్లాడలేదు. కోపం వచ్చిందనుకున్నావేమో. లేదమ్మా. నీది ధ్యాస నిలవని ఏడీహెచ్‌డీ అనే సమస్య అని డాక్టరు తేల్చారని వినగానే, ఆరో తరగతిలో లెక్కల పుస్తకం ముందు కూర్చుని కళ్లు తుడుచుకుంటున్న నీ ముఖం గుర్తొచ్చింది. "తెలివి ఉంది, శ్రద్ధే లేదు" అని నిన్ను ఎన్నిసార్లు కసిరానో! ఆ శ్రద్ధ కోసం నువ్వు పడిన అవస్థ నా కంటికి ఆనలేదు.

దానికి మిథైల్‌ఫెనిడేట్ అనే ఉత్తేజక మందు రాశారన్నావు. 30 ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్నవాణ్ణి, ఆ మందు పేరు వింటే నాకు భయం లేదు. 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టరు పిల్లల తలనొప్పి తగ్గుతుందేమోనని ఈ కోవకే చెందిన ఒక మందు ఇచ్చారు. తలనొప్పి మాట ఎలా ఉన్నా, పిల్లలు కుదురుగా కూర్చుని చదవడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి ఎంతోమందికి ఈ మందులు మేలు చేశాయి. నీకూ చేయాలనే నా కోరిక.

అయితే ఒక మాట నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. "మీ ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్లున్నారా? మానసిక జబ్బులు ఎవరికైనా ఉన్నాయా?" అని డాక్టరు అడిగితే, ఎవరికీ లేవని చెప్పావట. మేము నీకు చెప్పిందే నువ్వు ఆయనకు చెప్పావు. మేము చెప్పింది నిజం కాదు.

నువ్వు పుట్టడానికి రెండేళ్ల ముందు మీ పెదనాన్న పోయాడు. వడదెబ్బ తగిలి పోయాడని నీకు చెప్పాం, ఊరికీ అదే చెప్పాం. కళ్యాణదుర్గం దగ్గర మన చేలో వేరుశనగ పీకుతున్న రోజులవి. దీపావళికి ఇంకా వారం ఉంది. ఉదయం తొమ్మిది కూడా కాలేదు, గాలి చల్లగా ఉంది. కాయల మూట భుజానికెత్తుకుని నాలుగడుగులు వేశాడు, అంతే, బోర్లా పడిపోయాడు. నేను వెళ్లి తిప్పి చూసేసరికి గుప్పిట్లో మట్టి అలాగే ఉంది. అప్పటికి 34 ఏళ్లు. అంతకు ముందు కబడ్డీ ఆడుతూ రెండుసార్లు స్పృహ తప్పాడు. ఆ చలిలో వడదెబ్బ ఏమిటని నేనే అడగాల్సింది. గుండె జబ్బు వంశంలో ఉందంటే చెల్లెళ్లకు సంబంధాలు రావని మీ తాత నోరు మూయించారు. ఆ తర్వాత అదే మాట మాకూ అలవాటైపోయింది.

ఇప్పుడు నీ సంగతి. పదో తరగతిలో ఆటల పోటీల రోజు పరుగు మధ్యలో నువ్వు కళ్లు తిరిగి పడిపోయావు, గుర్తుందా? ఎండకేలే అని ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగించి ఊరుకున్నాం. పరుగెత్తేటప్పుడు స్పృహ తప్పడం, ఇంట్లో చిన్న వయసు మరణం, ఈ రెండూ కలిస్తే ఈ మందు మొదలుపెట్టే ముందు గుండె డాక్టరు చూసి తీరాలి. ఈ మందు మెదడులోని రసాయనాలైన డోపమిన్, నారడ్రినలిన్‌లను పెంచుతుంది. ధ్యాస కుదిరేది వాటివల్లే. గుండె వేగం, బీపీ కాస్త పెరిగేదీ వాటివల్లే. చాలామందికి ఆ పెరుగుదల లెక్కలోకి రాదు. పుట్టుకతో గుండె నిర్మాణంలో లోపమున్నవారికి, గుండె కండరం మందమైనవారికి, లయ తప్పే జబ్బున్నవారికి మాత్రం ఆ కాస్తే ప్రమాదం కావచ్చు. అదుపులో లేని బీపీ, ఎక్కువగా పనిచేసే థైరాయిడ్, కంటిలో ఒత్తిడి పెరిగే గ్లకోమా ఉన్నవారికీ సాధారణంగా ఈ మందు ఇవ్వరు.

రెండో విషయం మీ అమ్మ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. మీ అమ్మమ్మకు పూనకం వచ్చేదని విన్నావు కదా. రోజుల తరబడి నిద్రపోకుండా మాట్లాడుతూ తిరిగేది, నగలు తీసి ఎవరికో ఇచ్చేసేది. ఆ తర్వాత నెలలపాటు మంచం దిగేది కాదు. అది బైపోలార్ జబ్బు. లిథియం మాత్రలు మన షాపు నుంచే కవరులో చుట్టి పంపేవాణ్ణి. ఆ జబ్బు, లేదా ఉన్నవి లేనట్టు, లేనివి ఉన్నట్టు అనిపించే మానసిక జబ్బు ఉన్నవారికి ఉత్తేజక మందు ఇస్తే అది తిరగబెట్టవచ్చు. నీకు అలాంటి లక్షణాలు నేనెప్పుడూ చూడలేదు. అయినా డాక్టరుకు తెలిసి ఉంటే, మొదటి వారాల్లో నీ నిద్రనూ మాటనూ గమనిస్తూ ఉంటారు.

వేరే మందులేవి వాడుతున్నా దాచకు. కొన్ని పాతకాలపు డిప్రెషన్ మందులు ఆపాక 14 రోజులు గడిస్తే గానీ ఇది వేసుకోకూడదు. లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్‌తోనూ ప్రమాదం ఉంది. జలుబు మాత్రల్లోని సూడోఎఫెడ్రిన్ కూడా బీపీ పెంచేదే. నీ గదిలో ఉండే అమ్మాయి దగ్గర ఇవే మాత్రలు మిగిలి ఉన్నాయన్నావు. వాటిని ముట్టుకోకు తల్లీ. ఆమె గుండె వేరు, నీ గుండె వేరు. 1985 నాటి మత్తుమందుల చట్టం కిందికి వచ్చే మందు ఇది. చీటీ లేకుండా నేను ఎవరికీ అమ్మలేదు, బతిమాలినా అమ్మలేదు.

ఇది నీకు సరిపడదని తేలితే దారి మూసుకుపోయినట్టు కాదు. ఉత్తేజక గుణం లేని అటమాక్సెటిన్ లాంటివి ఉన్నాయి. వాటి ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. వాటికీ గుండె పరీక్ష చూసుకోవాల్సిందే. ఏది వాడాలో నువ్వూ డాక్టరూ కూర్చుని తేల్చుకోండి.

పెదనాన్న ఎలా పోయాడో, అమ్మమ్మ ఏ మందులు వాడిందో వేరే కాగితం మీద రాసి ఇందులో పెట్టాను. దాన్ని అలాగే డాక్టరు చేతికివ్వు. మాత్రల డబ్బా ఇంకా తెరవలేదన్నావు, అలాగే ఉంచు.

అన్న పోయిన 26 ఏళ్లకు, నిన్న సాయంత్రం నేను కూడా ఈసీజీ తీయించుకున్నాను. అందులో తేడా ఏమీ లేదన్నారు. బుధవారం గుండె స్కానింగు చేస్తామన్నారు. ఆ రిపోర్టు తీసుకుని శుక్రవారం రైలుకు బయలుదేరతాను. నీ గుండె పరీక్ష శనివారానికి కుదుర్చుకో. అమ్మ కూడా వస్తానంటోంది.

ఇట్లు,
నాన్న