కేంబ్రిడ్జి నుంచి నాన్నగారికి

పూజ్యులైన నాన్నగారికి నమస్కారములు.

నేను క్షేమం. ల్యాబు పని మామూలుగానే సాగుతోంది. "ఆడపిల్లవి, తెల్లవారకుండానే ఆ చలిలో నదిమీద తెడ్డు వేయడం ఏమిటి?" అని అమ్మ ఫోనులో అడిగిన దానికి తీరికగా జవాబు రాస్తున్నాను. మీరే చదివి వినిపించండి.

ఆ మాట ఇక్కడివాళ్ళూ చాలాకాలం అన్నదే. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి మగవారు 1829లోనే పడవ పందెం వేసుకోగా, ఆడవారికి 1927 వరకు ఆ అవకాశం రాలేదు. అప్పుడైనా రెండు పడవలు ఒకేసారి నదిలో ఉండకూడదన్నారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఒక జట్టు తరువాత ఇంకొక జట్టు వెళ్ళగా, వేగంతోపాటు తెడ్డు వేసే తీరులోని అందాన్ని కూడా చూసి తీర్పు చెప్పారు. ఒడ్డున చేరిన జనంలో చాలామందికి వీళ్ళంటే గిట్టదట. ఆక్స్‌ఫర్డ్ గెలిచింది. నన్ను ఎక్కువగా బాధించేది ఇంకొకటి: ఆనాడు కేంబ్రిడ్జి ఆడపిల్లలకు పూర్తి పట్టా ఇచ్చేది కాదు, 1948 వరకు ఇవ్వలేదు. పట్టా ఇవ్వని విశ్వవిద్యాలయం పరువు కోసం ఆ పిల్లలు తెడ్డు పట్టారు.

ఏటేటా పందెం జరగడం 1964 నుంచి. 1977లో దాన్ని థేమ్స్ ఒడ్డునున్న హెన్లీ అనే ఊరికి మార్చారు. అక్కడ దూరం రెండు కిలోమీటర్లే. మగవారు మాత్రం లండన్‌లో పట్నీ నుంచి మోర్ట్‌లేక్ దాకా దాదాపు 6.8 కిలోమీటర్లు, టీవీ కెమెరాల ముందు వెళ్ళేవారు. న్యూటన్ అనే పెట్టుబడుల సంస్థ, దాని అప్పటి అధిపతి హెలెనా మోరిస్సీ పూనుకొని డబ్బు సమకూర్చాక, 2015లో ఆడవారు అదే రోజు, అదే దారిలో పోటీపడ్డారు. న్యాయం చేయలేని పనిని డబ్బు చేసిందని నాకు అనిపిస్తుంది.

మరుసటి ఏడు థేమ్స్‌లో అలలు లేచి, మా కేంబ్రిడ్జి పడవ నీళ్ళు నిండి మునిగేలా ఉన్నా, ఆ అమ్మాయిలు చివరిదాకా నడిపి ఓడిపోయారు. (ఈ వాక్యం అమ్మకు చదవకండి.) 2017లో అప్పటివరకు ఏ ఆడజట్టూ అందుకోని వేగంతో గెలిచారు.

నేను ఎక్కేది ఆ పడవ కాదు, మా కాలేజీది. కామ్ నది మన ఊరి కాలువంత ఉంటుంది. రెండు పడవలు పక్కపక్కన పందెం వేసే వెడల్పు లేదు కనుక వరుసగా వదులుతారు. ముందున్న దాన్ని తాకిన పడవది గెలుపు. ఈత పరీక్ష నెగ్గితేనే పడవ ఎక్కనిచ్చారు, అందులో మీరు నేర్పిన ఈతే అక్కరకు వచ్చింది. స్వెట్టర్ వేసుకుంటున్నాను. తాతగారి మోకాలి నొప్పి ఎలా ఉంది? చెల్లాయి ఈత నేర్చుకుంటానని అడిగితే, వేసవి సెలవుల్లో మీరే కాలువకు తీసుకువెళ్ళండి.

ఇట్లు,
మీ పెద్దమ్మాయి