ఇల్లు తర్వాత, ముందు గేటు బయట చూడు

చిన్నా,

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. ఇల్లు బాగుంది. వంటింట్లో కొత్త ఫిట్టింగులు, మెట్లకు గ్రానైట్, కోడలు కోరుకున్న తూర్పు వాకిలి, అన్నీ ఉన్నాయి. కానీ అన్ని ఫొటోల్లో గేటు బయట తీసింది ఒక్కటీ లేదు. ఘట్‌కేసర్ వైపు రెండు వందల గజాల్లో ఇల్లు కొనేటప్పుడు సగం సంగతి గేటు బయటే తెలుస్తుంది. టోకెన్ అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదన్నావుగా, ఇవి చూసేదాకా ఇవ్వకు. "ఇంకో పార్టీ రెడీగా ఉంది" అని బ్రోకరు అంటాడు, అననీ.

అన్నిటికంటే ముందు నీళ్ల సంగతి. హైదరాబాద్ చుట్టుపక్కల చెరువులు గొలుసుకట్టుగా కట్టినవి. పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువులోకి, అక్కణ్ణుంచి ఇంకో దాంట్లోకి, చివరికి మూసీలోకి పోవాలి. మధ్యలో ప్లాట్లు చేసి అమ్మినా వాన నీళ్లు ఆ పాత దారినే వెతుక్కుంటాయి. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ దగ్గరి సింగపూర్ టౌన్‌షిప్‌లో ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల వాన కురిసింది. ఆ వారంలోనే అప్ప చెరువు, పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి దిగువ కాలనీలు మునిగాయి. "దిగువ" అన్న మాట గుర్తుపెట్టుకో. "మనది ఎఫ్‌టీఎల్‌లో (చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దులో) లేదండీ" అని అమ్మేవాడు చెప్పేది నిజమే కావచ్చు. అంతమాత్రాన కట్ట కింద ఉన్న ఇంటికి భయం లేదని కాదు.

ఎఫ్‌టీఎల్ సంగతి హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. మండలం, గ్రామం, చెరువు ఎంచుకుంటే మ్యాపు వస్తుంది, దాని మీద సర్వే నంబర్లు ఉంటాయి. అది ప్రిలిమినరీ నోటిఫికేషనా, ఫైనలా అన్నది కూడా చూడు. ప్రిలిమినరీ అయితే గీత ఇంకా జరగొచ్చు. బఫర్ (కట్టకుండా వదలాల్సిన జాగా) లెక్కలు 2012 నాటి జీవో 168లో ఉన్నాయి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువు, కుంట, శిఖం భూమి అయితే 9 మీటర్లు వదలాలి. వాగు, నాలా (వాన నీటి కాలువ) వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, లోపైతే 2 మీటర్లు. నువ్వు చూసిన ప్లాటు ముప్పై బై అరవై కదా. 9 మీటర్లంటే ఇరవై తొమ్మిదిన్నర అడుగులు. ఆ అరవై అడుగుల పొడవు వెంట పెద్ద నాలా ఉంటే ముప్పై అడుగుల వెడల్పులో నీకు మిగిలేది అర అడుగు. (కన్వర్షన్ కాగితాల్లో కనిపించే నాలా వేరు. అది వ్యవసాయేతర భూమి పన్ను పేరు. రెండిటినీ కలపకు.)

నాలా ఇప్పుడు కంటికి కనిపించకపోవచ్చు. పైన స్లాబు వేసి ఉంటుంది, లేదా పూడ్చేసి ఉంటారు. దాన్ని పట్టుకోవడానికి లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల క్రయపత్రాలు) తెరిచి హద్దులు చదవాలి. ఇప్పటి డాక్యుమెంట్‌లో "తూర్పు: 20 అడుగుల రోడ్డు" అని ఉంటుంది. అదే సర్వే నంబరుకు ముప్పై ఏళ్ల కిందటి డాక్యుమెంట్‌లో "తూర్పు: కాలువ" అని ఉంటే ఆ రోడ్డు దేని మీద వేశారో తెలిసిపోయినట్టే. పాతవి అమ్మేవాళ్ల దగ్గర లేవంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో సర్టిఫైడ్ కాపీలకు దరఖాస్తు పెట్టు. గూగుల్ ఎర్త్‌లో సంవత్సరాలు వెనక్కి జరిపి, వానలు వెలిసిన నెలల ఫొటోలు కూడా చూడు.

పాత పహాణీలో (రెవెన్యూ భూమి రికార్డులో) ఆ సర్వే నంబరు తరి అని ఉందా, ఖుష్కీ (మెట్ట) అని ఉందా చూడు. తరి అంటే చెరువు తూము కింద వరి పండిన నేల, అంటే పల్లం, బంకమట్టి. దాని మీద కూల్చిన ఇళ్ల శిథిలాలు, మొరం పోసి మట్టం లేపుతారు. సరిగ్గా దిమ్మిస చేయని ఆ పూడిక రెండు మూడు వానాకాలాలకు అణుగుతుంది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు వస్తాయి, గచ్చు గోడ దగ్గర కుంగుతుంది. ఎంత పోశారో అమ్మేవాణ్ణి అడగక్కర్లేదు. పక్క ఖాళీ ప్లాటు చూడు, అసలు నేల మట్టం అదే.

కాలనీలో ఒక అరగంట నడువు. కాంపౌండు గోడల మీద అడుగెత్తున మట్టి చార, గేటు కింద కొత్తగా కట్టిన ఇటుక గడప, నేల నుంచి ఎత్తులో బిగించిన మోటారు, కరెంటు మీటరు, పునాది ఎత్తిన పాత ఇళ్ల మధ్య రోడ్డు మట్టానికే ఉన్న కొత్త ఇల్లు, ఇవన్నీ సాక్ష్యాలే. ఇస్త్రీ బండి అతన్నో కిరాణా కొట్టావిడనో "2020లో ఇక్కడ ఎంత వచ్చాయి నీళ్లు?" అని అడుగు. "వచ్చాయా?" అంటే రాలేదంటారు, "ఎంత" అని అడుగు.

ఇక అనుమతులు. "పర్మిషన్ ఉంది" అన్న మాటతో ఆగిపోకు. 2020లో బీపాస్ (ఇంటి అనుమతుల) చట్టం వచ్చాక 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి స్వీయ ధ్రువీకరణతోనే వెంటనే అనుమతి వస్తుంది. అంటే ఎవరూ వచ్చి నాలా కొలిచి ఇచ్చిన కాగితం కాదది. చెప్పింది తప్పని తేలితే నోటీసు లేకుండా కూల్చే అధికారం కూడా ఆ చట్టంలోనే ఉంది. ప్లాను కాపీ తీసుకుని సెట్‌బ్యాకులు, అంతస్తులు టేపుతో సరిచూడు. ఇంటి ముందు రోడ్డును గోడ నుంచి గోడకు కొలువు. లేఅవుట్ కాపీలో ముప్పై అడుగులుండి టేపులో ఇరవై రెండు వస్తే మిగతా ఎనిమిది ఎవరి ప్రహరీలో ఉందో తేలాలి.

లేఅవుట్‌కు హెచ్‌ఎండీఏ ఎల్‌పీ (లేఅవుట్ పర్మిట్) నంబరు ఉంటే అది డ్రాఫ్టా, ఫైనలా అడుగు. రోడ్లు, డ్రైనేజీ పూర్తయ్యేదాకా 15 శాతం ప్లాట్లను హెచ్‌ఎండీఏ తనఖా పెట్టించుకుంటుంది. నీ ప్లాటు నంబరు అందులో లేదని ఈసీలో (ఆస్తి మీద తనఖాలు, లావాదేవీలు చూపే సర్టిఫికెట్‌లో) కనబడాలి. గ్రామ పంచాయతీ లేఅవుట్ అయితే ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ) ప్రొసీడింగ్స్ కావాలి. చాలామంది 2020లో 1,000 రూపాయలు కట్టిన దరఖాస్తు రసీదే చూపించి "ఎల్‌ఆర్‌ఎస్ అయిపోయింది" అంటారు. కాలేదు. సర్వే నంబరుతో 22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) వెతుకు. ప్రభుత్వ, అసైన్డ్, వక్ఫ్, దేవాదాయ భూములు అందులో తేలతాయి. ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేస్తే మాస్టర్ ప్లాన్‌లో అది నివాస జోనేనా, కన్జర్వేషన్ జోనా తెలుస్తుంది. మాస్టర్ ప్లాన్ రోడ్డు మన వరండా మీదుగా గీసి ఉందా అని అక్కడే అడుగు. బ్యాంకు లాయరు ఒపీనియన్ చాలదా అంటావేమో. అది బ్యాంకు అప్పు కోసం, నీ నిద్ర కోసం కాదు.

మిగతావి చిన్నవి. బోరు నీళ్లు ల్యాబుకివ్వు. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) 500 లోపుంటే మంచిది, ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, నైట్రేట్ 45 దాటితే తాగడానికి పనికిరావు. నైట్రేట్ ఎక్కువగా వస్తే పక్కింటి సెప్టిక్ ట్యాంకు ఎంత దూరంలో ఉందో చూసుకో. జలమండలి కనెక్షన్ ఉందంటే క్యాన్ (వినియోగదారు ఖాతా) నంబరున్న బిల్లు చూపమను. మేడ పక్కన 33 కేవీ లైను పోతుంటే అడ్డంగా కనీసం 2 మీటర్లు, పైకి 3.7 మీటర్లు ఖాళీ ఉండాలి. రాత్రి పది దాటాక ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి వెళ్లి నిలబడు. ఫ్యాక్టరీల వాసనైనా, డంపింగ్ యార్డు వాసనైనా పగలు పదకొండుకు తెలియదు.

ముందుగా ఈసీ, లింకు డాక్యుమెంట్లు స్కాన్ చేసి పంపు, ఇక్కడ నేను చదువుతాను. హద్దుల పేజీ ఫోన్‌తో ఫొటో తీస్తే అక్షరాలు మసకబారతాయి, జిరాక్స్ షాపులో స్కాన్ చేయించు.

అమ్మ