మీ లోగోలోని అక్షరాల విషయంలో మా తప్పు ఒకటి చెప్పుకోవాలి

మా దగ్గర లోగో చేయించుకున్న అందరికీ,

ఇది మంచి కబురు కాదు, అందుకే నాన్చకుండా చెప్పేస్తున్నాను. మేం చేసిచ్చిన లోగోల్లో 9 లోగోలకు వాడిన ఫాంట్లను వ్యాపారానికి వాడే హక్కు మాకు లేదు. ఆ 9 మందితోనూ నేనే ఫోన్‌లో మాట్లాడాను. మీకు ఫోన్ రాలేదంటే మీ లోగోకు ఏ ఇబ్బందీ లేదు. అయినా అందరికీ ఎందుకు రాస్తున్నానంటే, ఇలాంటివి ఆ నోటా ఈ నోటా పడి మీ దాకా వచ్చేసరికి వేరే కథ అయిపోతాయి. మా నోటితోనే వినడం మేలు.

అసలు ఎలా బయటపడిందంటే, మీలో ఒకరు కొత్త ప్యాకెట్లు వేయిస్తున్నారు. లోగో కింద వచ్చే చిన్న వాక్యం కూడా అదే అక్షరాల్లో కావాలని ప్రింటర్ ఫాంటు పేరు అడిగాడు. మా స్టూడియోలో కొత్తగా చేరిన అమ్మాయి ఆ ఫాంటు కోసం పాత ఫోల్డర్లు వెతికింది. నాలుగేళ్ల కిందట దించుకున్న జిప్ ఫైలులో ఫాంటు పక్కనే చిన్న టెక్స్ట్ ఫైలు ఒకటుంది. ఈ నాలుగేళ్లలో దాన్ని తెరిచిన పాపాన ఎవరూ పోలేదు. అందులో ఉన్నది రెండే ముక్కలు: సొంతానికైతే ఉచితం, వ్యాపారానికైతే లైసెన్సు కొనాలి.

"సార్, ఇది చదివారా?" అంది. "కర్వ్స్‌లోకి మార్చేశాం కదమ్మా, ఇంక ఫాంటుతో పనేముంది" అన్నాను. కర్వ్స్ అంటే అక్షరాలను ఫాంటు అక్కర్లేని గీతల బొమ్మగా మార్చేయడం. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఇన్నేళ్లూ నేను నిజంగా అదే నమ్మాను. ఈ పనిలో ఉన్న చాలామంది ఇప్పటికీ నమ్ముతారు. కర్వ్స్ చేస్తే ప్రింటర్ కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోయినా అక్షరాలు చెదరవు. దానివల్ల ఒరిగేది అంతవరకే. ఫాంటు అంటే ఒకరు నెలల తరబడి కూర్చుని తయారు చేసిన సాఫ్ట్‌వేర్. దేనికి వాడుకోవచ్చో దాని లైసెన్సు చెబుతుంది. అక్షరాన్ని బొమ్మగా మార్చినంత మాత్రాన ఆ షరతు చెరిగిపోదు.

'ఉచితం' అన్న మాట దగ్గరే మేం బోల్తాపడ్డాం. అందులోనూ రకాలున్నాయి. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద వచ్చినవి లోగోలో పెట్టుకోవచ్చు, అచ్చు వేయించుకోవచ్చు, అమ్మే సరుకు మీద వేసుకోవచ్చు. ఆ ఫాంటునే విడిగా అమ్ముకోవడం మాత్రం కుదరదు. గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న రామభద్ర, సురవరం, మండలి లాంటి తెలుగు ఫాంట్లు ఈ కోవవే. 'సొంతానికి ఉచితం' అనేది వేరే సంగతి. డబ్బు పెట్టి కొన్నా సరే, కొన్ని లైసెన్సుల్లో లోగోకు వాడాలంటే విడిగా అనుమతి తీసుకోవాలని ఉంటుంది. ఇప్పుడు మా దగ్గరున్న ప్రతి ఫాంటు లైసెన్సూ కూర్చుని చదువుతున్నాం. నిద్రొస్తుంది, కానీ తప్పదు.

ఆ తొమ్మిదింటిలో ఏడు లోగోలవి ఇంగ్లిషు అక్షరాలు, అన్నీ ఒకే ఫాంటు. దాన్ని గీసింది ఒంటరిగా పనిచేసుకునే ఒకావిడ. జరిగింది జరిగినట్టు రాసి, ఏడు లోగోల బొమ్మలూ పంపాను. గట్టిగా చీవాట్లు పడతాయనుకున్నాను. రెండో రోజే జవాబొచ్చింది, లోగో లైసెన్సు ఎలా తీసుకోవాలో వివరంగా రాసింది. ఏడింటికీ తీసుకున్నాం, ఖర్చంతా మాదే. ఆ ఏడుగురికీ: లైసెన్సు మా పేరున కాదు, మీ వ్యాపారం పేరున ఉంటుంది, ఎందుకంటే ఆ లోగో వాడేది మీరు. ఆ కాగితాన్ని మీ మిగతా వ్యాపార పత్రాలతో పాటు దాచుకోండి. మీ లోగోలో చుక్క కూడా మారదు.

మిగిలిన రెండూ తెలుగువి, చిక్కంతా వాటితోనే. వాటికి వాడింది, ఏ కంప్యూటర్లోనైనా తెలుగు ఒకేలా చదవగలిగే యూనికోడ్ పద్ధతికి ముందు కాలం నాటి డీటీపీ (అచ్చుపని) ఫాంటు. పెన్‌డ్రైవుల్లో చేతులు మారుతూ మా దాకా వచ్చింది. ఎవరు గీశారో, హక్కులు ఎవరివో ఎంత వెతికినా దొరకలేదు. ఎవరిని అడగాలో తెలియనప్పుడు ఎంత డబ్బు చేతిలో ఉన్నా ఏం లాభం? అందుకని ఆ రెండు పేర్లనూ ఏ ఫాంటూ లేకుండా చేత్తో మొదటి నుంచి గీస్తున్నాం. పాతదాన్ని కింద పెట్టి దిద్దడం కాదు, పెన్సిల్‌తో కొత్తగా.

"ఫాంటు లేకుండా లోగో ఏంటండీ?" అని వాళ్లలో ఒకాయన అడిగారు. కోకా-కోలా అక్షరాలు అలా పుట్టినవే. 1886లో ఆ వ్యాపారం లెక్కలు చూసే ఫ్రాంక్ రాబిన్సన్, ఆ రోజుల్లో అందరూ నేర్చుకునే గొలుసుకట్టు దస్తూరీలో ఆ పేరు రాశాడు. ఫెడెక్స్ లోగోలో 'ఇ'కి, 'ఎక్స్'కి మధ్య కనిపించే బాణం కూడా ఫాంటు నుంచి ఊడిపడలేదు. 1994లో లిండన్ లీడర్ అనే డిజైనర్, యూనివర్స్, ఫ్యూచురా అనే రెండు ఫాంట్ల పోకడలు కలిపి అక్షరాలను మళ్లీ గీస్తేనే అది కుదిరింది. మేం వాళ్లంతటి వాళ్లమని కాదు, దారి కొత్తది కాదని చెప్పడానికే.

తెలుగు గీయడం మొదలుపెట్టాక మా పాత పనిలో ఇంకో లోపం కనబడింది. ఒక పేరులో 'ధ' ఉంది. 'ద'కూ 'ధ'కూ తేడా కింద ఉండే ఆ చిన్న గీతే. బోర్డు మీద బాగానే ఉంది, కానీ ఫోన్‌లో గుండ్రటి ఫొటోగా పెట్టుకునేసరికి ఆ గీత మాయమై, ఆ వ్యాపారం పేరే మారిపోతోంది. ఇన్నాళ్లూ ఆయన ఏమీ అనలేదు, మేం చూసుకోలేదు. కొత్తదాంట్లో ఆ గీతను మందం పెంచి కిందికి లాగాం. పక్కనున్న అక్షరం ఒత్తు దానికి తగలకుండా కాస్త జరపాల్సి వచ్చింది.

ఒత్తుల గొడవ వేరే ఉంది. పొడవుగా, సన్నగా ఉండే బోర్డు మీద ఒత్తు కోసం కింద జాగా వదిలితే, పైనున్న అసలు అక్షరాలు చిన్నవైపోతాయి. అదే బోర్డు మీద ఇంగ్లిషు పేరు పెద్దగా, తెలుగు పేరు నలిగినట్టుగా కనిపించడానికి సగం కారణం ఇదే. ఒత్తును పై అక్షరం కడుపులోకి దూర్చినట్టు గీస్తే కొంత ఎత్తు కలిసొస్తుంది. ఎంతవరకు దూర్చవచ్చు, ఎక్కడ చదవడం కష్టమవుతుంది అన్నది కంటితో చూసి తేల్చుకోవాల్సిందే. ఇప్పటికి పద్నాలుగు సార్లు గీశాం.

బ్రౌజర్ ట్యాబ్‌లో వచ్చే 16 పిక్సెళ్ల గడిలో మాత్రం పూర్తి పేరు ఏ భాషలోనైనా పట్టదు. అందుకు మొదటి అక్షరాన్ని ఒక్కదాన్నే విడిగా గీసి ఇస్తాం.

మీలో ఎవరైనా లోగోను ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయించుకుని ఉంటే, లేదా దరఖాస్తు పెట్టి ఉంటే, కొత్త అక్షరాలు వాడే ముందు మీ లాయరుకు రెండు బొమ్మలూ చూపించండి. నమోదైన గుర్తులో పెద్ద మార్పు చేస్తే మళ్లీ దరఖాస్తు చేయాల్సి రావచ్చు. తెలుగు లోగోల వాళ్లిద్దరిలో ఒకరికి ఆ పని ఉంది, ఆ ఖర్చూ మేమే పెట్టుకుంటామని చెప్పాను.

ఇక మీదట ప్రతి లోగోతో పాటు ఎస్‌వీజీ (ఎంత పెద్దది చేసినా చెదరని బొమ్మ ఫైలు), పీడీఎఫ్ ఫైళ్లు, అందులో వాడిన ఫాంటు పేరు, గీసినవారి పేరు, లైసెన్సు ప్రతి ఇస్తాం. పాత లోగోలకూ ఈ వివరాలు సిద్ధం చేస్తున్నాం, వంతులవారీగా పంపుతాం. ఈ పని తెమిలేదాకా, అంటే మూడు వారాలు, కొత్త ఆర్డర్లు తీసుకోవడం లేదు. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవాళ్లకు వారం ఆలస్యమవుతుంది. ఆగడం కుదరదంటే చెప్పండి, అడ్వాన్సు వెనక్కి ఇచ్చేస్తాను, మొహమాటం వద్దు.

తెలుగు లోగోల వాళ్లిద్దరికీ: రేపు మీకు పంపేవి ఇంకా పెన్సిల్ గీతలే, రంగులుండవు. వాటిని ఫోన్‌లో పెద్దవి చేసి చూడకండి. కాగితం మీద ప్రింటు తీసి, గోడకు అంటించి, పది అడుగుల దూరం నుంచి చూడండి. చదవడానికి ఎక్కడ తడబడ్డారో ఆ అక్షరం చుట్టూ సున్నా చుట్టి నాకు పంపండి.